అప్‌డేట్: బండి అమ్మలేదు, ట్రాక్‌కు వెళ్లి వచ్చాను

ఇదివరకు ఇక్కడ హన్మకొండ నుంచి సలహా అడిగినవాణ్ణి నేనే. రామప్ప దారిలో ఆరబోసిన వడ్ల మీద బైక్ జారి మోచేయి విరగ్గొట్టుకున్నాక, బండి అమ్మేయాలా, ట్రాక్ శిక్షణకు వెళ్లాలా అని అడిగాను. చాలామంది అమ్మేయమన్నారు. ఒక అన్న మాత్రం ‘ముందు బ్రేకు పట్టడం నేర్చుకో’ అన్నారు. ఆ మాటే పట్టుకుని చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు వెళ్లాను.

అక్కడ ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. మొదటి పూట వేగం ఊసే లేదు, అంతా చూపు గురించే. మలుపు చివరను చూడాలి. భయపడి దేన్ని చూస్తే బండి అటే పోతుంది. ఆ రోజు నేను కళ్లార్పకుండా చూసింది వడ్లనే! వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుందని బడిలో చదివిందే. ఆగాల్సిన గుర్తు దాటి దూసుకుపోయినప్పుడు గానీ ఒంటికి ఎక్కలేదు.

ట్రాక్ మీద ఎదురుగా లారీ రాదు, గేదె రాదు, అందరిదీ ఒకే దిశ. మలుపుల్లో రేసర్లకు ఆనినట్టు నా మోకాలు నేలకు ఆనలేదు, ఆ దరిదాపులకూ పోలేదు. అయినా ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

తీరా ఇంటికొచ్చాక అసలు చిక్కు ట్రాక్ మీద వచ్చిన ధీమాతోనే. ఎనుమాముల మార్కెట్ దారిలో పత్తి ట్రాక్టరును మలుపులో దాటబోయి, నన్ను నేనే తిట్టుకుని ఆగాను. చీకటి పడ్డాక హైదరాబాద్ రహదారి ఎక్కనని, యాసంగి కోతలప్పుడు ములుగు వైపు బస్సులోనే వెళ్తానని అమ్మకు మాటిచ్చాను. రైడింగ్ జాకెట్ ఎండకు ఉడికిస్తోంది, అయినా వేసుకుంటున్నాను.

రెండో విడత శిక్షణకు పేరిచ్చాను. అది అమ్మకు ఇంకా చెప్పలేదు.