పడగ్గదిలో చేతులు కట్టించుకోవడం ట్రై చేద్దామనుకుంటున్నాం, ముందు ఏమేం మాట్లాడుకోవాలి?

మియాపూర్_నుంచి:
నాకు 29, మావారికి 32, పెళ్లయి మూడేళ్లు. నిజానికి ముందు అడిగింది నేనే, చేతులు కట్టించుకోవాలని, కళ్లకి గంతలు కట్టించుకోవాలని చాన్నాళ్ల నుంచి ఉంది. ఆయన సరే అన్నారు కానీ "నువ్వు వద్దు అంటే నిజంగా వద్దనా ఊరికే అంటున్నావా, నాకెలా తెలుస్తుంది" అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు. పక్క గదిలో అత్తయ్య మామయ్య ఉంటారు, గట్టిగా అరిచే వీల్లేదు. నాకు ఆస్తమా కూడా ఉంది. ఇంట్లో సిల్క్ చున్నీలున్నాయి, అవి సరిపోతాయా? ఎగతాళి చేయకుండా చెప్పండి ప్లీజ్.

పదేళ్ల_జంట:
మీవారు ఆ ప్రశ్న అడిగారంటేనే నాకు సగం భయం పోయింది. మనం "ఛీ పో", "అబ్బా వద్దు" అని ముద్దుగా కూడా అంటాం కదా, అందుకే ఆపడానికి విడిగా ఒక మాట పెట్టుకుంటారు. ఎక్కువమంది వాడేది సిగ్నల్ లైట్ల పద్ధతి, రెడ్ అంటే మొత్తం ఆపేసి కట్లు విప్పేయాలి, ఎల్లో అంటే తగ్గించి ఏమైందో అడగాలి. కానీ కొత్తలో నా సలహా, "వద్దు" అన్నా రెడ్ కిందే లెక్క. కొన్నాళ్లయ్యాక మార్చుకోవచ్చు, ఇప్పుడే కాదు.

ఈ మాటలన్నీ ఆ రాత్రి మంచం మీద కాదు, వేరే రోజు టీ తాగుతూ మాట్లాడుకోండి. ఇష్టం, చూద్దాం, అస్సలు వద్దు అని ఇద్దరూ వేర్వేరు కాగితాల మీద రాసి తర్వాత కలిపి చూసుకోండి, మేం అలా చేస్తే ఆయన "అస్సలు వద్దు"లో నేను ఊహించనివి రెండు కనిపించాయి. మధ్యలో కొత్తవేవీ కలపొద్దు, అప్పుడున్న ఊపులో ఎవరైనా సరే అనేస్తారు. మందు తాగిన రోజు అసలొద్దు.

అరవలేరు కాబట్టి చేతిలో తాళాల గుత్తి పట్టుకోండి, వదిలేస్తే రెడ్ అని అర్థం. దాంతోపాటు ఆయన కాసేపటికోసారి మీ చెయ్యి రెండుసార్లు నొక్కాలి, మీరు తిరిగి రెండుసార్లు నొక్కాలి, నొక్కలేదంటే ఆపేయాలి.

ఫిజియో_అక్క:
సిల్క్ చున్నీ వద్దమ్మా. లాగేకొద్దీ ముడి బిగుసుకుపోయి గోళ్లతో విప్పినా రాదు. మెత్తటి వెడల్పు పట్టీ, వెల్క్రోది అయితే ఒక్క లాగుతో ఊడొస్తుంది. పట్టీకీ చర్మానికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. మోచేతి పైభాగాన కట్టొద్దు, అక్కడ ఎముకని ఆనుకుని రేడియల్ నరం వెళ్తుంది, అది నలిగితే మణికట్టు పైకి లేవకుండా వేలాడిపోతుంది, తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తిమ్మిరి, సూదులు పొడిచినట్టు ఉండటం, వేళ్లు చల్లబడటం, వీటిలో ఏదొచ్చినా ఓర్చుకోకుండా వెంటనే విప్పించుకో. మొద్దు మొన ఉన్న బ్యాండేజ్ కత్తెర మెడికల్ షాపులో దొరుకుతుంది, చేతికందేంత దూరంలో పెట్టుకోండి.

ఆస్తమా ఉంది కాబట్టి నోటికి ఏదీ కట్టొద్దు, బోర్లా పడుకోబెట్టొద్దు, ఇన్‌హేలర్ ఎక్కడుందో ఆయనకి చీకట్లో కూడా తెలియాలి. మెడకి మాత్రం ఏదీ, ఎప్పుడూ వద్దు, జాగ్రత్తగా మెడ నొక్కే పద్ధతి అంటూ ఏదీ లేదు. కట్టేసి ఉన్నప్పుడు ఫోన్ వచ్చినా, బెల్ మోగినా ముందు విప్పి ఆ తర్వాతే వెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు.

పేరు_వద్దు:
నాది చేదు అనుభవం. మాట పెట్టుకున్నాం, సమయానికి నాకు నోరే పెగల్లేదు, బిగుసుకుపోయా. అతను "నువ్వు ఆపమనలేదుగా" అన్నాడు. 2013లో రేప్ చట్టం మార్చినప్పుడే, ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని రాశారు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 63లోనూ అదే ఉంది. కానీ భార్యకి 18 నిండితే భర్తకి మినహాయింపు కూడా అందులోనే ఉంది. అందుకే పెళ్లయినవాళ్లు ఈ మాట ఇంట్లోనే గట్టిగా అనుకోవాలి, సైలెంట్ అయిపోతే ఆపేసి అడగడం కట్టినవాళ్ల బాధ్యత. ఫోన్లు వేరే గదిలో పెట్టండి, ఒక్క ఫొటో కూడా వద్దు.

మియాపూర్_నుంచి:
అందరికీ థాంక్స్. ఇంట్లో కుదరక నిన్న కారు పక్కకాపి గంటన్నర మాట్లాడుకున్నాం, గంతలు ఈసారికి వద్దనుకున్నాం, చేతులు మాత్రమే, పదిహేను నిమిషాలు. ఒక డౌట్, అయిపోయాక ఏడుపొస్తే తప్పు చేసినట్టా?

పదేళ్ల_జంట:
కాదమ్మా. ఒంట్లో ఆ ఉద్రేకం దిగేటప్పుడు కొందరికి ఏడుపొస్తుంది, కొందరికి వణుకు, ఒక్కోసారి మర్నాడో ఆ మర్నాడో దిగులుగా ఉంటుంది, కట్టినవాళ్లకి కూడా. దుప్పటి, నీళ్లు, తినడానికి ఏదైనా ముందే పక్కన పెట్టుకోండి, విప్పగానే లేచి వెళ్లిపోకుండా అరగంట దగ్గరగా పడుకోండి. ఏది బాగుంది, ఏది బాలేదు అనేది మర్నాడు అడగమని ఆయనకి చెప్పు, ఆ రాత్రే అడిగితే ఎదుటివాళ్లు బాధపడతారని అంతా బాగుందనేస్తాం.