హైదరాబాద్ నుంచి బెంగళూరు: అమ్మతో వెళ్లాలి, ఫ్లైటా కారా?

మియాపూర్ వాసి:
అన్నలూ, వచ్చే నెల అమ్మని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని బెంగళూరులో చెల్లి వాళ్లింటికి వెళ్లాలి, ఇల్లు ఎలక్ట్రానిక్ సిటీలో. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు ఒకేచోట కూర్చోలేదు. ఫ్లైట్ గంటంపావు అని చూపిస్తోంది, కారులో 570 కిలోమీటర్లు, పది గంటలు అంటున్నారు. ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే నిజంగా ఎంత తేడా ఉంటుంది?

హైవే44:
ఆ గంటంపావుని నమ్మి ప్లాన్ చేయకండి. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య గాల్లో దూరం 455 కిలోమీటర్లే, కానీ మన శంషాబాద్, అక్కడి దేవనహళ్లి రెండూ మీరు కారులో వెళ్లే ఎన్‌హెచ్ 44 హైవే పక్కనే ఉన్నాయి, అంటే ఫ్లైట్ ఎక్కితే మీకు తప్పేది ఖాళీగా సాగిపోయే రోడ్డే, రెండు ఊళ్ల ట్రాఫిక్‌నీ మీరు ఎలాగూ భరించాల్సిందే. మియాపూర్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్‌కి గంట, అక్కడ రెండు గంటల ముందు ఉండాలి, దిగాక లగేజీకి అరగంట, ఆ తర్వాత బెంగళూరు ఊరంతా దాటుకుని ఎలక్ట్రానిక్ సిటీకి రెండు గంటలు. మొత్తం ఆరున్నర, ఏడు. కారులో మధ్యలో ఆగుతూ వెళ్తే పదకొండు గంటల పైనే. తేడా నాలుగు గంటలు, అంతే.
కారే అనుకుంటే తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరండి. కర్నూలులో టిఫిన్, గుత్తి దాటాక ఒకసారి, పెనుకొండ దగ్గర ఒకసారి ఆగితే ఒంటిగంటకల్లా దేవనహళ్లి దాటేస్తారు, హెబ్బాళ్ దగ్గర సాయంత్రం రద్దీ తగలదు. రాత్రి డ్రైవింగ్ మాత్రం వద్దు, పిల్లలు, పెద్దావిడ ఉన్న కారుని లారీల మధ్య నిద్రమత్తులో నడపడం నాకు అస్సలు నచ్చదు.

యలహంక తెలుగమ్మాయి:
మా ఇంటికైతే ఎయిర్‌పోర్ట్ దగ్గర కాబట్టి కళ్లు మూసుకుని ఫ్లైటే. మీ చెల్లి ఊరికి ఆ చివర ఉంది కదా, వందేభారత్ కూడా చూడండి. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్‌కి ఎనిమిదిన్నర గంటలు, 2023 నుంచి నడుస్తోంది. అమ్మగారు కాసేపు లేచి నడవొచ్చు, బాత్రూమ్ టెన్షన్ ఉండదు. యశ్వంత్‌పూర్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి ఆర్‌వీ రోడ్‌లో ఎల్లో లైన్‌కి మారితే నేరుగా ఎలక్ట్రానిక్ సిటీ, ఆ లైన్ 2025 ఆగస్టులో మొదలైంది. లగేజీ ఎక్కువుంటే మాత్రం క్యాబ్ మాట్లాడుకోండి.

మియాపూర్ వాసి:
చాలా థాంక్స్. రెండు ఎయిర్‌పోర్టులూ ఒకే హైవే మీద ఉన్నాయన్న ఆలోచనే రాలేదు. ఫ్లైట్‌లో వెళ్తే అమ్మ గేటు దాకా అంత దూరం నడవలేదు, దానికేమైనా దారి ఉందా?

హైవే44:
ఉంది. టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ కావాలని పెట్టండి, నడవలేని పెద్దవాళ్లకి డబ్బు తీసుకోరు. మనిషొచ్చి కౌంటర్ నుంచి విమానం దాకా తీసుకెళ్తారు, అక్కడ దిగాక కూడా బయటి దాకా వదిలిపెడతారు. మోకాళ్ల నొప్పికి నడిచే దారి పక్క సీటైతే కాలు కాస్త చాపుకోవచ్చు, ఆవిడకి ఆ సీటు ఇచ్చి పిల్లల్ని కిటికీ వైపు కూర్చోబెట్టండి.