కిందటి ఏడాది మీ ఇంట్లో అలవాటుగా నిలిచిన తక్కువ ఖర్చు వంటలు ఏవి?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మేమిద్దరం, బడికి వెళ్లే పిల్లలు ఇద్దరు, మా అత్తగారు, మొత్తం ఐదుగురం. కిందటి ఏడాది మా కిరాణా ఖర్చులో అన్నిటికంటే బరువుగా తోచినవి కందిపప్పు, నూనె. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకాన్ని పెంచినప్పుడు వేపుళ్లు బాగా తగ్గించాము. 2025 మే నెలాఖరులో ఆ సుంకంలో కొంత తగ్గించినా మేము మాత్రం పాత అలవాటుకు తిరిగి పోలేదు. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణంలో మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం వస్తున్నాయి కనుక అన్నానికి లోటు లేదు. ఆ అన్నంలోకి రోజూ ఏమి చేయాలన్నదే నా ప్రశ్న.

మా ఇంట్లో నిలిచినది పచ్చిపులుసు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పలుచగా రసం తీసి, అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, సెగ మీద కాల్చి నలిపిన పచ్చిమిరపకాయలు, ఉప్పు, చిటికెడు బెల్లం, కొత్తిమీర, వేయించి దంచిన నువ్వుల పొడి రెండు చెంచాలు కలిపి, చెంచాడు నూనెతో పోపు పెడితే చాలు. పొయ్యి వెలిగేది మిరపకాయలు కాల్చడానికి, నువ్వులు వేయించడానికి, పోపుకు మాత్రమే. అయితే ఎండాకాలంలో హాయిగా ఉండే ఈ పులుసు చలికాలంలో రోజూ సాగదు, పైగా ఎదిగే పిల్లలకు ఇది ఒక్కటే సరిపోదు. మీ ఇళ్లలో ఏడాది పొడుగునా మళ్లీ మళ్లీ వండుకున్నవి, పిల్లలు అడిగి తిన్నవి ఏవో కొలతలతో చెప్పగలరా? ఖర్చు ఎక్కడ తగ్గిందో కూడా చెబితే ఇంకా ఉపయోగం.

సమాధానం (అనంతపురం నుంచి)

ఉలవలు తెచ్చుకోండి. మా వైపు వాన సరిగా పడని ఏడాది కూడా చేతికి వచ్చే పంట అది. ఒకసారి ఉడికిస్తే రెండు వంటలు అవుతాయి కాబట్టి కందిపప్పు కొనలేని నెలల్లో మా ఇంటిని ఆదుకున్నది ఇదేనని నేను గట్టిగా చెప్పగలను.

పావుకిలో ఉలవలను రాళ్లు లేకుండా ఏరి, రెండు మూడు సార్లు కడిగి, రాత్రంతా నానబెట్టాలి. పొద్దున లీటరున్నర నీళ్లు పోసి కుక్కరులో ఏడెనిమిది కూతలు రానివ్వాలి. మూత తీసేసరికి నీళ్లు ముదురు గోధుమ రంగుకు తిరిగి, గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే పొట్టు జారి పప్పు మెత్తగా నలగాలి. ఆ నీళ్లను వేరే గిన్నెలోకి వంచుకుంటే అదే ఉలవకట్టు. ఉడికిన గింజలు ఒక గుప్పెడు తీసి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు ధనియాలు, అర చెంచా జీలకర్ర, మూడు ఎండుమిరపకాయలతో మెత్తగా రుబ్బి కట్టులో కలపాలి. చింతపండు పులుసు, ఉప్పు వేసి పావుగంట మరిగించి, ఉల్లిపాయ ముక్కలతో తాలింపు పెడితే చారు సిద్ధమవుతుంది. రుబ్బిన ఆ గుప్పెడు గింజలే చారుకు చిక్కదనం ఇస్తాయి కనుక దానిని మానవద్దు. కృష్ణా, గుంటూరు వైపు గంటల తరబడి మరిగించి, మీగడ వేసుకుని తినే ఉలవచారు వేరు. దాని రుచి గొప్పదే కానీ దానికయ్యే గ్యాసు మన లెక్కకు అందదు.

మిగిలిన గింజలకు ఎండుమిరప, కరివేపాకు తాలింపు వేసి కాస్త కొబ్బరి చల్లితే సాయంత్రం బడి నుంచి వచ్చే పిల్లలకు గుగ్గిళ్లు అవుతాయి. ఉలవల్లో నూటికి ఇరవై పాళ్లకు పైగా మాంసకృత్తులు ఉంటాయి కాబట్టి ఎదిగే పిల్లల గురించి మీకున్న బెంగ కూడా కొంత తీరుతుంది. మా పెద్దవాళ్లు ఉలవలు వేడి చేస్తాయని చెప్పి మజ్జిగ తప్పక పోసుకోమంటారు. మేమూ అలాగే తింటాము.

సమాధానం (కాకినాడ నుంచి)

పైన చెప్పిన పద్ధతి చాలా బాగుంది. నేను కూరగాయల సంగతి చెబుతాను, ఎందుకంటే డబ్బు పెట్టి కొన్న కాయలో పనికివచ్చే భాగం చెత్తబుట్టలో పడటం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. బీరకాయ కొంటే ఆ పూటకు కూర, పచ్చడి రెండూ రావాలి. ముందు చిన్న ముక్క కోసి నోట్లో వేసుకుని చేదు లేదని చూసుకోండి. చేదు ఉంటే ఆ కాయను పూర్తిగా పక్కన పెట్టేయాలి. గట్ల మీది గట్టి అంచును మాత్రం తీసిపారేసి, మిగతా తొక్కును కొంచెం మందంగా చెక్కి, రెండు చెంచాల నూనెలో సన్న సెగ మీద తడి పోయి అంచులు ముడుచుకునేదాకా వేయించాలి. తడి మిగిలితే పచ్చడి పసరు వాసన వేస్తుంది. మినప్పప్పు, ఎండుమిరప, ఆవాలు, ఇంగువ వేయించి ముందు దంచి, తరువాత తొక్కు, చింతపండు, ఉప్పు చేర్చి బరకగా నూరాలి. లోపలి కండను గుప్పెడు పెసరపప్పుతో కూర చేసుకోవచ్చు. ఆనపకాయ తొక్కుకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

రాత్రి ఫలహారానికి మాకు ఉప్పుడు పిండి ఉండనే ఉంది. గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు, గుప్పెడు నానిన పెసరపప్పు, జీలకర్ర, మిరియాలు చాలు. మందపాటి గిన్నెలో మూతపెట్టి సన్న సెగన మగ్గనిస్తే అడుగున ఎర్రగా చెక్కు కడుతుంది. మా పిల్లలు పోటీపడేది ఆ చెక్కు కోసమే. రేషన్ బియ్యాన్ని కడిగి ఆరబెట్టి ఇంట్లోనే రవ్వగా పట్టుకుంటే దీనికి విడిగా ఖర్చే ఉండదు.

సమాధానం (వరంగల్ నుంచి)

బియ్యం పిండి పట్టించుకునే వారు సర్వపిండిని మరిచిపోవద్దని మనవి. రెండు గ్లాసుల పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, కరివేపాకు, కారం, ఉప్పు కలిపి, అడుగు మందంగా ఉన్న గిన్నె లోపలి వైపు అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో రెండు చుక్కల నూనె వేసి మూతపెట్టాలి. పొద్దున చేస్తే సాయంత్రం దాకా బాగుంటుంది కనుక డబ్బాలో పెట్టి పంపడానికి కూడా అనువైనది.

సమాధానం (డాలస్ నుంచి)

ఇక్కడ అమెరికాలో గోంగూర, చింతచిగురు కొనడం ఖరీదైన వ్యవహారం. అయితే నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ రోజుల్లో క్రాన్‌బెర్రీలు అనే పుల్లటి ఎర్రని చిన్న పండ్లు తాజావి చౌకగా దొరుకుతాయి. మేము నాలుగైదు సంచులు కొని ఫ్రీజరులో దాచుకుంటాము. కప్పు మసూర్ పప్పుకు అర కప్పు పండ్లు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసి ఉడికించి వెల్లుల్లి తాలింపు పెడితే అచ్చం వాక్కాయ పప్పులా పుల్లగా ఉంటుంది, చింతపండు అవసరమే రాదు. మసూర్ పప్పు కంది కంటే త్వరగా ఉడుకుతుంది. హైదరాబాద్‌లో ఉన్న మీరు ఆ పప్పుతోనే మామిడికాయ వేసి వండుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. అనంతపురం వారికి ఒక చిన్న సందేహం. మా వీధి కొట్టులో దొరికే ఉలవలు బాగా పాతవిగా కనిపిస్తున్నాయి. అవి ఎనిమిది కూతలకు మెత్తబడకపోతే వంటసోడా వేయవచ్చా?

సమాధానం (అనంతపురం నుంచి)

సోడా వేయకండి, కట్టు రుచి పాడవుతుంది. పాత గింజలైతే మామూలు నీళ్లకు బదులు మరిగే నీళ్లు పోసి, మూతపెట్టి పది పన్నెండు గంటలు నాననివ్వండి. నానిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో కుక్కరు పెట్టి, కూతలు వచ్చాక సెగ తగ్గించి మరో పది నిమిషాలు ఉంచితే మెత్తబడతాయి. ఉప్పు, చింతపండు మాత్రం గింజ పూర్తిగా ఉడికిన తరువాతే వేయాలి.