నెగ్గదని ముందే తెలిసిన అభిశంసనను అధ్యక్షుడిపై పెట్టవచ్చునా?

గోదావరి గట్టు:

అమెరికా ప్రతినిధుల సభ ఇంతవరకు అభిశంసించిన అధ్యక్షులు ముగ్గురే. 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో బిల్ క్లింటన్, 2019లో ఒకసారి, 2021లో మరోసారి డొనాల్డ్ ట్రంప్. ఈ నాలుగుసార్లూ సెనేట్ వారిని నిర్దోషులుగా వదిలిపెట్టింది. మన పత్రికల్లో "అభిశంసనకు గురైన అధ్యక్షుడు" అని చదివి ఆయన పదవి ఊడిందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు కనుక ఒక మాట ముందే చెప్పుకోవాలి. ప్రతినిధుల సభ సాధారణ మెజారిటీతో చేసేది అభియోగపత్రం దాఖలు చేయడం వంటిది మాత్రమే. పదవి నుంచి తొలగించాలంటే సెనేట్‌లో విచారణ జరిగి, హాజరైన సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది, అంటే వందమందీ హాజరైతే అరవై ఏడుగురు, దోషి అని తేల్చాలి. ఈ కాలంలో ఏ పార్టీకీ అంత బలం లేదు, అవతలి పార్టీ వారు పదిహేను ఇరవై మంది కలిసివచ్చే వాతావరణమూ లేదు.

అందుచేత, ఓడిపోతుందని ముందే తెలిసిన అభిశంసనను సభలో పెట్టడం తప్పని నా అభిప్రాయం. నిర్దోషి అనే ముద్ర వేయించుకున్న అధ్యక్షుడు మునుపటికంటె బలపడతాడు. క్లింటన్‌ను అభిశంసించినందుకు రిపబ్లికన్లు 1998లో, అధ్యక్షుడి పదవీకాలం నడుమ వచ్చే కాంగ్రెస్ ఎన్నికల్లో, ప్రతినిధుల సభలో ఐదు స్థానాలు పోగొట్టుకున్నారు. రెండుసార్లు అభిశంసనకు గురైన ట్రంప్ 2024లో మళ్లీ గెలిచారు. ఇంతెందుకు, అభిశంసన దేశాన్ని చీలుస్తుందని, తిరుగులేని సాక్ష్యమూ రెండు పార్టీల మద్దతూ ఉంటే తప్ప ఆ దారిన వెళ్లకూడదని 2019 మార్చిలో స్వయంగా డెమొక్రాట్ స్పీకర్ నాన్సీ పెలోసీ అన్నారు. అదే ఏడాది డిసెంబరులో ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా లేకుండా ఆమె అధ్యక్షతనే అభిశంసన జరిగింది.

న్యూజెర్సీ తెలుగు:

ఇక్కడ ఓటు వేసే మనిషిగా మీతో విభేదిస్తున్నాను. అరవై ఏడు ఓట్లు దొరికే వరకు కదలకూడదంటే, సెనేట్‌లో ముప్పై నాలుగు మంది తనవారున్న ఏ అధ్యక్షుడైనా ఏం చేసినా అడిగేవాడు ఉండడు. ట్రంప్ మొదటి అభిశంసననే చూడండి. 2019 జులై 25న ట్రంప్ ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీతో ఫోన్‌లో మాట్లాడి, తన ప్రత్యర్థి జో బైడెన్ మీద దర్యాప్తు చేయించమని అడిగారు. ఆ సమయానికే ఉక్రెయిన్‌కు కాంగ్రెస్ మంజూరు చేసిన దాదాపు 39 కోట్ల డాలర్ల సైనిక సహాయం నిలిపి ఉంచారు. అలా నిలపడం చట్టవిరుద్ధమని ప్రభుత్వ జమాఖర్చుల తనిఖీ కార్యాలయం 2020 జనవరిలో తేల్చింది. "ఎన్నికల్లో ప్రజలే తేలుస్తారు" అని అప్పట్లో రిపబ్లికన్లు అన్నారు. కానీ ఆరోపణే రాబోయే ఎన్నికను తనవైపు తిప్పుకోవడానికి పదవిని వాడుకున్నారని కదా! ఆటలో తొండి జరిగిందని ఫిర్యాదు చేసినవాడికి, మిగిలిన ఆట కూడా ఆడి చూడమని చెప్పడం ఏం సమాధానం?

పాత పంతులు:

ముందుగా గట్టు గారి లెక్కలో ఒక చిన్న సవరణ. 1998లో ఎన్నికలు నవంబరు 3న జరిగాయి, సభ క్లింటన్‌ను అభిశంసించింది డిసెంబరు 19న. కనుక ఓటర్లు శిక్షించారంటే అభిశంసన ప్రయత్నాన్నే గానీ అభిశంసనను కాదు. ఆ దెబ్బకు స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ పదవి వదులుకోవడానికి సిద్ధపడ్డారు, అయినా ఆయన పార్టీ వెనక్కి తగ్గలేదు. ఆ పార్టీయే రెండేళ్ల తర్వాత శ్వేతసౌధాన్ని గెలుచుకుంది కూడా. అభిశంసించినవారు ఎన్నికల్లో నష్టపోతారనే సూత్రం చరిత్రలో నిలిచేది కాదు.

రాజ్యాంగ నిర్మాతలకు ఈ పార్టీల తగవు తెలియనిది కాదు. 1787 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా సమావేశంలో దేశద్రోహం, లంచం అనే రెండు కారణాలే సరిపోవని జార్జ్ మేసన్ పట్టుబట్టి, పాలనాలోపాన్ని కూడా చేర్చమన్నారు. అంత వదులైన మాట పెడితే సెనేట్‌కు ఇష్టమున్నంతకాలమే అధ్యక్షుడు పదవిలో ఉంటాడని జేమ్స్ మాడిసన్ అభ్యంతరం చెప్పగా, మేసన్ దాన్ని తీసేసి "ఇతర ఘోర నేరాలు, దుష్ప్రవర్తనలు" అనే అర్థం వచ్చే పాత ఇంగ్లండు చట్టపదాన్ని పెట్టారు. మరుసటి ఏడాది అలెగ్జాండర్ హామిల్టన్ రాసిన వ్యాసంలో ఇంకా సూటిగా ఉంది. ఇటువంటి విచారణ సమాజంలోని ఆవేశాలను రేపి జనాన్ని పక్షాలుగా చీలుస్తుందని, దోషమో నిర్దోషమో కాక పక్షాల బలాబలాలే తీర్పును నడిపే ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుందని ఆయన హెచ్చరించారు. ఇది తెలిసే, సాధారణ మెజారిటీతో తొలగించకుండా మూడింట రెండు వంతుల మెట్టు కట్టారు.

ఆ మెట్టు తొలిసారి పనికి వచ్చింది జాన్సన్ విషయంలో. యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్‌ను సెనేట్ అనుమతి లేకుండా తొలగించి పదవీకాల చట్టాన్ని ఉల్లంఘించాడన్నది ప్రధాన అభియోగం. సభలో 126-47తో నెగ్గిన తీర్మానం సెనేట్‌లో 35-19 దగ్గర ఆగింది, ఒక్క ఓటు తక్కువ. ఏడుగురు రిపబ్లికన్లు సొంత పార్టీని కాదన్నారు. జాన్సన్‌ను తొలగిస్తే అధ్యక్షుడు కావలసినవాడు అదే సెనేట్ తాత్కాలికాధ్యక్షుడు బెంజమిన్ వేడ్. ఆయన కూడా దోషి అనే ఓటు వేశారంటే ఆ విచారణ తీరు ఊహించవచ్చు. అయితే ఆ ఏడుగురిని మహాత్ములుగా చూపే కథలనూ నేను పూర్తిగా నమ్మను. వారిలో అందరికంటె పేరుమోసిన కాన్సస్ సెనేటర్ ఎడ్మండ్ రాస్ తీర్పు వచ్చాక తన మనుషులకు పదవులు ఇమ్మని జాన్సన్‌ను అడిగిన ఉత్తరాలు ఉన్నాయి. ఆ పదవీకాల చట్టాన్ని 1887లో కాంగ్రెస్సే రద్దు చేసింది. అటువంటి చట్టం చెల్లదని 1926లో సుప్రీంకోర్టు కూడా అన్నది. అంటే 1868లో ఆ ఒక్క ఓటు తక్కువ పడకపోయి ఉంటే, నిలవని చట్టం పేరిట ఒక అధ్యక్షుడు పదవి పోగొట్టుకునేవాడు. (జాన్సన్ మంచి అధ్యక్షుడని నా ఉద్దేశం కాదు. బానిసత్వం నుంచి బయటపడిన నల్లవారి హక్కులకు ఆయన అడుగడుగునా అడ్డుపడ్డాడు. ఆయన మీద అసలు కోపం అదే, అభియోగంలో రాసింది మాత్రం వేరే.)

ఓరుగల్లు పాఠకురాలు:

పంతులు గారు చెప్పిన చివరి మాటే నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచింది. కోపం ఒకదాని మీద, అభియోగం మరొకదాని మీద. క్లింటన్ విషయంలోనూ అంతే కదా! రచ్చ మోనికా లెవిన్‌స్కీతో సంబంధం మీద, అభియోగం మాత్రం ప్రమాణం చేసి అబద్ధం చెప్పారని, న్యాయానికి అడ్డుపడ్డారని.

ఇక పార్టీల నీతికి వస్తే, గురివింద గింజ సామెత రెండు పక్షాలకూ సరిపోతుంది. 1998లో క్లింటన్ పక్షాన మాట్లాడిన డెమొక్రాట్ జెరీ నాడ్లర్, ఒక ప్రధాన పార్టీ బలపరిచి మరో పార్టీ వ్యతిరేకించే అభిశంసన, స్వల్ప తేడాతో నెగ్గే అభిశంసన ఎన్నడూ ఉండకూడదన్నారు. 2019లో సరిగ్గా అటువంటి అభిశంసనకు అభియోగాలు తయారుచేసిన న్యాయవ్యవహారాల కమిటీకి ఆయనే అధ్యక్షుడు. 1999లో క్లింటన్‌పై సెనేట్ ముందు వాదించిన సభా ప్రతినిధుల్లో రిపబ్లికన్ లిండ్సే గ్రాహం ఒకరు. నేరం రుజువు కానక్కరలేదని, పదవి గౌరవాన్ని శుభ్రపరచడానికే అభిశంసన అని అప్పుడు వాదించారు. ఇరవై ఏళ్ల తర్వాత సెనేటర్‌గా, ట్రంప్ విచారణ మొదలు కాకముందే, తాను నిష్పాక్షికమైన జ్యూరీ సభ్యుడినని నటించబోనని ప్రకటించారు. కనీసం ఆ మాటలో దాపరికం లేదని మెచ్చుకోవాలేమో.

నల్లకోటు:

ఓట్ల లెక్క ముందే తెలుసునన్న గట్టు గారి మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. సాక్ష్యం బయటపడకముందు లెక్కించిన ఓట్లు సాక్ష్యం బయటపడ్డాక అలాగే ఉంటాయన్నది అనుభవానికి విరుద్ధం. డెమొక్రాట్ల కార్యాలయంలోకి దొంగచాటుగా చొరబడిన వాటర్‌గేట్ వ్యవహారంపై సెనేట్ ప్రత్యేక కమిటీని 1973 ఫిబ్రవరిలో 77-0తో ఏర్పాటు చేశారు, ఒక్కరూ వ్యతిరేకించలేదు. అప్పటికి రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్ నలభై తొమ్మిది రాష్ట్రాలు గెలిచి మూడు నెలలే అయింది. ఆనాడు ఎవరైనా సెనేట్‌లో ఓట్లు లెక్కపెట్టి ఉంటే ఈ పని వృథా అనేవారే. కానీ ఏడాదిన్నర పాటు సాక్షులు వచ్చారు, శ్వేతసౌధంలో సంభాషణలు టేపుల మీదికి ఎక్కుతున్న సంగతి బయటపడింది, ఆ టేపులు ఇవ్వాల్సిందేనని 1974 జులై 24న సుప్రీంకోర్టు 8-0తో తీర్పు చెప్పింది. మూడు రోజుల తర్వాత న్యాయవ్యవహారాల కమిటీ 27-11తో మొదటి అభియోగాన్ని ఆమోదించినప్పుడు ఆ ఇరవై ఏడుగురిలో ఆరుగురు రిపబ్లికన్లు. ఆగస్టు 7న బారీ గోల్డ్‌వాటర్ తదితర రిపబ్లికన్ నాయకులు నిక్సన్‌ను కలిసి సెనేట్‌లో మద్దతు మిగల్లేదని చెప్పారు, 9వ తేదీన ఆయన దిగిపోయారు. సభలో ఓటింగు వరకు వెళ్లనే లేదు.

2019-20లో ట్రంప్ విషయంలో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. సభ నాయకులు అధికారుల వాంగ్మూలాల కోసం కోర్టుల్లో పోరాడే ఓపిక చూపలేదు, మూడు నెలల్లో పని ముగించాలనుకున్నారు. సెనేట్ మరో అడుగు ముందుకు వేసి 51-49తో సాక్షులనే పిలవరాదని నిర్ణయించింది. సాక్షులు లేని విచారణలో పార్టీ రంగు తప్ప వేరే ఏం కనిపిస్తుంది?

మన దేశంలో రాష్ట్రపతిపై అభిశంసనకు 61వ అధికరణం ఉన్నా ఇంతవరకు ఎవరి మీదా వాడలేదు. కానీ 1993లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి. రామస్వామిని తొలగించే తీర్మానం లోక్‌సభకు వచ్చింది. న్యాయమూర్తుల కమిటీ విచారించి పలు ఆరోపణలు నిజమని తేల్చిన తర్వాత, తీర్మానానికి అనుకూలంగా 196 మంది ఓటు వేస్తే, కాంగ్రెస్, దాని మిత్రపక్షాల సభ్యులు 205 మంది ఎటూ ఓటు వేయకుండా కూర్చున్నారు. వ్యతిరేక ఓటు ఒక్కటీ లేకపోయినా, కావలసినన్ని అనుకూల ఓట్లు రాక తీర్మానం వీగిపోయింది. సాక్ష్యం ఉండి కూడా ఓడిపోవచ్చునని ఒప్పుకోవడానికే ఈ ఉదాహరణ ఇస్తున్నాను, నా వాదనకు ఇది ఎదురు వస్తుందని తెలిసే.

గోదావరి గట్టు:

నల్లకోటు గారు నిజాయితీగా చెప్పారు కనుక నేనూ ఒప్పుకుంటాను, నిక్సన్ ఉదాహరణ బలమైనదే. కానీ అది 1974. ఆనాటి రిపబ్లికన్ సభ్యుడు తన నియోజకవర్గంలోని మధ్యేమార్గ ఓటరుకు భయపడేవాడు, ఈనాటి సభ్యుడు అభ్యర్థిని పార్టీ ఓటర్లే ఎంపిక చేసే ప్రైమరీ ఎన్నికకు భయపడుతున్నాడు. 2021 జనవరి 13న ట్రంప్‌ను అభిశంసించడానికి ఓటు వేసిన పదిమంది రిపబ్లికన్లలో నలుగురు మళ్లీ పోటీయే చేయలేదు, నలుగురు ప్రైమరీల్లో ఓడిపోయారు, ఇద్దరే సభకు తిరిగి వచ్చారు. ఓడిన నలుగురిలో లిజ్ చెనీ అంతకుముందు పార్టీ నాయకత్వంలో మూడో స్థానంలో ఉన్న వ్యక్తి. ఇది చూశాక పదకొండోవాడు ఎందుకు ముందుకు వస్తాడు?

న్యూజెర్సీ తెలుగు:

అయినా ఆ పదిమంది వచ్చారు కదా! 2021 ఫిబ్రవరి 13న సెనేట్‌లో 57-43 వచ్చింది, ఏడుగురు రిపబ్లికన్లు సొంత పార్టీ అధ్యక్షుడిని దోషి అన్నారు. ఏడాది ముందు ఆ ధైర్యం చేసింది మిట్ రామ్నీ ఒక్కరే. నిర్దోషి అని ఓటు వేసిన సెనేట్ రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మెక్‌కానెల్ సైతం, ఓటు వేసిన కొద్ది నిమిషాలకే, జనవరి 6న ట్రంప్ మద్దతుదారులు పార్లమెంటు భవనంపై చేసిన దాడికి ట్రంప్ నైతికంగానూ ఆచరణలోనూ బాధ్యుడని సెనేట్‌లోనే అన్నారు. పదవి దిగిపోయిన మనిషిని విచారించే అధికారం సెనేట్‌కు లేదన్నది ఆయన సాకు. పదవిలో ఉండగా విచారణ మొదలు కాకుండా సెనేట్‌ను జనవరి 19వ తేదీ వరకు పిలవకుండా ఉంచింది కూడా ఆయనే. అభిశంసన జరగకపోతే ఈ మాటలేవీ రికార్డులోకి వచ్చేవి కావు.

ఓరుగల్లు పాఠకురాలు:

రికార్డు సరే, దానివల్ల అధ్యక్షుడు దిగిపోలేదే. దక్షిణ కొరియాను చూడండి. 2024 డిసెంబరు 3 రాత్రి యూన్ సుక్ యోల్ సైనిక శాసనం ప్రకటించారు. 7వ తేదీన మొదటి అభిశంసన తీర్మానం అధికార పార్టీ బహిష్కరించడంతో కోరం లేక పడిపోయింది. 14వ తేదీన 204 ఓట్లతో నెగ్గింది, అంటే అధికార పార్టీ సభ్యులు పన్నెండుమందైనా అటు ఓటు వేసి ఉండాలి. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం 8-0తో ఆయనను తొలగించింది. అక్కడ రెండు తేడాలున్నాయి: తుది తీర్పు రాజకీయ నాయకులది కాదు, పార్లమెంటులో ఓటింగు రహస్యం. అమెరికాలో రహస్య ఓటు పెడితే కనీసం ముప్పై ఐదుగురు రిపబ్లికన్ సెనేటర్లు ట్రంప్‌ను తొలగించడానికి ఓటు వేస్తారని 2019లో మాజీ సెనేటర్ జెఫ్ ఫ్లేక్ అన్నారు. ఆయనా రిపబ్లికనే.

పాత పంతులు:

అమ్మా, హాజరైన సభ్యుల్లో ఐదో వంతు కోరితే ఎవరు ఎటు ఓటు వేశారో నమోదు చేయాల్సిందేనని అమెరికా రాజ్యాంగమే చెబుతోంది. కనుక రహస్య ఓటు అక్కడ సాధ్యపడదు. పైగా కొరియా పద్ధతిలోనూ పార్టీ కక్షలు లేకపోలేదు. 2004లో రో మూ హ్యూన్‌ను 193-2తో అభిశంసించినప్పుడు జనం ప్రతిపక్షం మీదే ఆగ్రహించి నెల తిరిగేసరికి ఆయన పార్టీకి మెజారిటీ ఇచ్చారు, ఆ తర్వాత న్యాయస్థానం కూడా అభిశంసనను కొట్టేసింది. అయితే తీర్పు చెప్పేవాడికి ప్రైమరీ భయం లేకపోవడం పెద్ద తేడాయేనని మీతో ఏకీభవిస్తాను.

గోదావరి గట్టు:

ఇంత విన్న తర్వాత నా మొదటి మాటను కొంత సవరించుకుంటున్నాను. నెగ్గదని తెలిసిన అభిశంసన తప్పనను, నెగ్గడానికి ప్రయత్నించని అభిశంసన తప్పు. అందుకే 2023 డిసెంబరులో 221-212తో బైడెన్‌పై విచారణకు అనుమతి తీసుకున్న రిపబ్లికన్లు అభియోగాలను సభలో ఓటింగుకు పెట్టకుండానే ఆగిపోవడం నాకు మంచి పనిగానే కనిపిస్తోంది. వెతికారు, తగినంత దొరకలేదు, ఆగారు.

న్యూజెర్సీ తెలుగు:

తగినంత దొరకక ఆగారా, అతి స్వల్ప మెజారిటీలో సొంతవారి ఓట్లే చాలవని ఆగారా? మొదటిది నిజమైతే మీ సవరణను నేనూ ఒప్పుకుంటాను. రెండోదైతే మీరు మెచ్చుకుంటున్నది మళ్లీ ఓట్ల లెక్కనే.