‘ముల్కీ’ అనే మాట నైజీరియాకు సరిపోతుందా?

ప్రశ్న: నైజీరియా మీద ఒక వ్యాసం తెలుగులో రాస్తున్నాను. అక్కడ ఒక రాష్ట్రానికి చెందినవాళ్లను ‘ఇండిజీన్’ అనీ, వలస వచ్చినవాళ్లను ‘సెట్లర్’ అనీ అంటారు. ‘ముల్కీ’, ‘గైర్‌ముల్కీ’ అని రాయొచ్చా అండీ?

జవాబు: రాయకండి. దగ్గరగానే అనిపిస్తుంది గానీ అర్థం తలకిందులవుతుంది.

‘ముల్క్’ అంటే దేశం, రాజ్యం. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. ‘గైర్’ మనం రోజూ అనే ‘గైర్హాజరు’లో ఉన్నదే. నిజాం కాలపు నియమాల ప్రకారం పుట్టుకతో హైదరాబాదు సంస్థాన ప్రజ అయినవాడు ముల్కీ. బయటివాడు కూడా ముల్కీ కావచ్చు. అందుకు 15 ఏళ్లు అక్కడే స్థిరంగా ఉండాలి, పాత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ముందు అఫిడవిట్ ఇవ్వాలి. ‘ఇక ఇదే నా ఊరు’ అని ఒట్టేసి చెప్పించుకోవడమే కదా ఇది! 1952లో విద్యార్థులు ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అని రోడ్డెక్కింది ఈ దారి ఉన్నందుకు కాదు. బోగస్ ముల్కీ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు ఎగరేసుకుపోతున్నారన్నది వాళ్ల బాధ.

నైజీరియాలో ఆ దారే లేదు. తల్లిదండ్రుల్లో ఒకరో, తాత అమ్మమ్మల్లో ఒకరో ఆ రాష్ట్రపు మూల సముదాయానికి చెందితేనే మీరు ఆ రాష్ట్రానికి ‘చెందినవాళ్లు’ అని రాజ్యాంగం చెబుతుంది. ‘ఇండిజీన్’ అంటే వాడుకలో అదే. జోస్ పట్టణంలో తరతరాలుగా ఉంటున్న హౌసా జాతి కుటుంబాలు ఇప్పటికీ ‘సెట్లర్లే’. 2001లో అక్కడ రేగిన మారణకాండ వెనుక మతంతో పాటు ఈ తగవూ ఉంది. కాబట్టి ‘తాతల నాటి స్థానికుడు’ అని విడమరిచి రాయండి.

‘సెట్లర్’ను మాత్రం కదపొద్దు, అది ఎప్పుడో తెలుగైపోయింది. నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కున్న కోస్తా రైతుల మనవలను నిజామాబాదు వైపు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. రూలు ప్రకారం వాళ్లు ఎప్పుడో లోకల్. జనం నోట్లో మాత్రం కాదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ప్రశ్న: మరి ‘ఫెడరల్ క్యారెక్టర్’? ‘సమాఖ్య స్వభావం’ అనొచ్చా?

జవాబు: అలా రాస్తే కేంద్ర రాష్ట్ర సంబంధాల గురించి అనుకుంటారు. బయాఫ్రా అనే ప్రాంతం విడిపోతానని 1967 నుంచి 1970 దాకా సాగించిన యుద్ధం నైజీరియాను చీల్చినంత పని చేశాక, ఆ దేశపు 1979 రాజ్యాంగంలో ఈ మాట పెట్టారు. ప్రభుత్వం నాలుగైదు రాష్ట్రాల చేతుల్లోనో, ఒకటి రెండు జాతుల చేతుల్లోనో ఉండిపోకూడదన్నది దాని ఉద్దేశం. ఇప్పుడున్న 36 రాష్ట్రాల్లో ప్రతి రాష్ట్రం నుంచీ కనీసం ఒక మంత్రి ఉండాలి, ఆ మంత్రి అక్కడి ‘ఇండిజీన్’ అయి ఉండాలి. ‘పదవుల్లో అన్ని ప్రాంతాల, జాతుల వాటా’ అంటే తెలుగు పాఠకుడికి వెంటనే అర్థమవుతుంది.

ఉద్దేశం మంచిదే, వాటా లేకపోతే కలిసి ఉండడం కష్టం. కానీ వాటాను రక్తసంబంధానికి ముడిపెడితే వలస వచ్చినవాడు ఎన్నటికీ ఆ ఊరివాడు కాలేడు. మన దగ్గరా 1969లో తెలంగాణ, 1972లో కోస్తా, రాయలసీమ ముల్కీ గొడవ మీదే భగ్గుమన్నాయి. తర్వాత ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చి ‘ముల్కీ’ పోయి ‘లోకల్’ వచ్చింది. ఆ ఉత్తర్వులు ప్రధానంగా చూసింది ఎక్కడ చదివారన్నదే. అందుకే ఉద్యోగ నోటిఫికేషన్ పడగానే స్టడీ సర్టిఫికెట్ల కోసం పాత బడుల చుట్టూ తిరుగుతాం. ఆ తిరుగుడు విసుగే అయినా, తాత ఎవరని అడగడం కన్నా అది నయమని నేను గట్టిగా నమ్ముతాను.

మీ ఇళ్లల్లో పాత ముల్కీ సర్టిఫికెట్ ఉంటే అది ఏ భాషలో ఉందో, తెలుగులో ఏమైనా రాశారో చూసి చెప్పండి.