ఇంటర్‌లో 612 మార్కులు, చిన్న ప్రైవేటు కాలేజీల్లో ఏది మంచిదో తేల్చుకోవడం ఎలా?

కోటబొమ్మాళి అక్క:
మాది కోటబొమ్మాళి దగ్గర పల్లెటూరు. తమ్ముడు ఈ ఏడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, వెయ్యికి 612. ఈఏపీసెట్ ర్యాంకు లక్ష దాటింది. పదో తరగతి వరకు తెలుగు మీడియమే. చెప్పిన పని చేస్తాడు, అల్లరి లేదు. కానీ అర్థం కాకపోతే నోరు విప్పి అడగడు, తల ఊపేస్తాడు. నాన్న విశాఖలో తాపీ పని చేస్తారు. గవర్నమెంటు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తేనే చదువు, లేకపోతే లేదు.

పేరున్న కాలేజీల్లో కంప్యూటర్ సీటు ఈ ర్యాంకుకి రాదని మాకూ తెలుసు. మిగిలినవి చిన్న ప్రైవేటు కాలేజీలే. శ్రీకాకుళం నుంచి విజయనగరం వరకు హైవే పొడవునా వాటి బోర్డులే. రోజూ ఏదో ఒక కాలేజీ పీఆర్వో, అంటే సీట్లు నింపడానికి తిరిగే మనిషి, ఇంటికొస్తున్నాడు. నిన్న ఒకాయన కాలేజీ బ్యాగు చేతిలో పెట్టి, సీటు గ్యారంటీ, బస్సు ఫ్రీ అని చెప్పి వెళ్లాడు. అందరి బ్రోచర్లూ ఒకేలా ఉన్నాయి. ఇంట్లో ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఎవరూ లేరు. ఏటి చూసి ఎంచుకోవాలో కాస్త చెప్పండి.

రణస్థలం వాసి:
ఇంజినీరింగే ఎందుకమ్మా? కెమిస్ట్రీలో మార్కులు బాగుంటే బీఎస్సీ చూడండి. మా పక్కనే పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి, బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లని తీసుకుంటారు. శ్రీకాకుళం జిల్లా డిగ్రీ కాలేజీలు ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ కిందకి వస్తాయి. గవర్నమెంటు కాలేజీలో చేరితే ఈ పీఆర్వోల గొడవే ఉండదు.

కోటబొమ్మాళి అక్క:
చెప్పి చూశామండి. కెమిస్ట్రీ పేరెత్తితే లేచి వెళ్లిపోతున్నాడు.

పాత ల్యాబ్ మనిషి:
చెల్లెమ్మా, విజయనగరం జిల్లాలో ఒక చిన్న ఇంజినీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకునేవాణ్ణి. ఇప్పుడు వేరే ఉద్యోగం, అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

నువ్వు రాసినదాంట్లో అసలు సంగతి 612 కాదు, నోరు విప్పి అడగడు అన్నావే, అదీ. అలాంటి పిల్లాడికి తను అడక్కపోయినా వెనకబడ్డాడని కనిపెట్టే మాస్టారు కావాలి. చిన్న కాలేజీకి ఉన్న లాభం ఏమైనా ఉంటే అదొక్కటే. క్లాసులో తక్కువ మంది ఉంటారు, పేరు పెట్టి పిలుస్తారు, రెండు రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ చేస్తారు. అది కూడా లేని చిన్న కాలేజీలో చేరడం శుద్ధ దండగ.

కాబట్టి మొదట ఫస్టియర్‌కి మ్యాథ్స్ ఎవరు చెప్తున్నారో కనుక్కో. ప్రిన్సిపాల్ గారు పీహెచ్‌డీ ఎక్కడ చేశారో మనకెందుకు? మన వైపు పిల్లలు చాలామంది దెబ్బతినేది ఫస్టియర్ మ్యాథ్స్‌లోనే, అదీ పాఠం ఇంగ్లీషులో వినలేక. ఆ సారు ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారో సీనియర్లని అడుగు. సెమిస్టర్‌కో మనిషి మారుతుంటే జీతాలు సరిగ్గా అందట్లేదనుకో. మా కాలేజీలో అంతే. మ్యాథ్స్ మేడమ్ సెమిస్టర్ మధ్యలో మానేస్తే మిగతా సిలబస్ సివిల్ సారు చెప్పాడు. ఆయన తప్పు లేదు పాపం, రాత్రి చదువుకుని పొద్దున్న వచ్చి చెప్పేవాడు. ఆ బ్యాచ్‌లో మ్యాథ్స్ గట్టెక్కినవాళ్లు తక్కువే.

తర్వాత ల్యాబ్. ఏసీ కంప్యూటర్ ల్యాబ్ చూపించి పంపించేస్తారు. నువ్వు ఫిజిక్స్ ల్యాబ్ చూపించమను. న్యూటన్ రింగ్స్ ప్రయోగానికి సోడియం దీపం ఉంటుంది, వెలిగించమని అడుగు. అది వెంటనే వెలగదు. ముందు ఎర్రగా మొదలై, కొన్ని నిమిషాలు వేడెక్కాక పసుపు రంగుకి వస్తుంది. రోజూ వాడే ల్యాబ్ అయితే అక్కడి మనిషి మాట్లాడుతూనే స్విచ్ వేసి, కాసేపు ఆగండమ్మా అంటాడు. వాడని ల్యాబ్ అయితే ముందు తాళంచెవి కోసం, తర్వాత ప్లగ్ కోసం వెతుకుతాడు. సెకండియర్ పిల్లల పాత రికార్డులు రెండు మూడు అడిగి తిరగెయ్యి. అందరి రీడింగులూ చుక్క తేడా లేకుండా ఒకటే అయితే ప్రయోగం చేయలేదు, సీనియర్ రికార్డు చూసి దించేశారన్నమాట. నా కళ్లముందే దించేవాళ్లు, సంతకం చేసేది నేను కాదు కాబట్టి ఊరుకునేవాణ్ణి.

పాస్ పర్సెంటేజీ గొప్పగా చెప్తారు. అటానమస్ కాలేజీ పరీక్ష తనే పెట్టుకుంటుంది. మామూలు అనుబంధ కాలేజీలో అయితే జేఎన్‌టీయూ గురజాడ యూనివర్సిటీ వాళ్ల ప్రశ్నపత్రం. ఈ రెండు రకాల శాతాలూ పక్కపక్కన పెట్టి చూడకు. ఫస్టియర్ రెండు సెమిస్టర్లూ ఒక్క బ్యాక్‌లాగ్ (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టు) కూడా లేకుండా దాటినవాళ్లు ఎంతమంది అని అడుగు. వెంటనే అంకె చెప్పగలిగితే వాళ్లు ఆ లెక్క చూసుకుంటున్నట్టే. ప్లేస్‌మెంట్ పోస్టర్ సంగతి వదిలెయ్, గోడ మీద ఫోటోలు ఎవరైనా అంటిస్తారు.

డబ్బు విషయం. కన్వీనర్ కోటాలో, అంటే గవర్నమెంటు కౌన్సెలింగ్‌లో, వచ్చిన సీటుకే రీయింబర్స్‌మెంట్. కాలేజీ తనే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాకీ, చివర్లో మిగిలిన సీట్లకి చేసే స్పాట్ అడ్మిషన్‌కీ రాదు. గ్యారంటీ సీటు అన్న ఆయన్ని అది ఏ కోటానో కాగితం మీద రాసిమ్మను, మళ్లీ మీ వీధికి వస్తే నన్ను అడుగు. గవర్నమెంటు డబ్బు ఆలస్యమైతే హాల్ టికెట్ ఆపుతారా అని మాత్రం ఆఫీసులో కాదు, పిల్లల్ని అడగాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెనక్కి ఇచ్చెయ్యాలే తప్ప కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదని కాలేజీలకి నిబంధనలు పెట్టే యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి. జెరాక్సులు ఇవ్వండి చాలు.

వెళ్లేటప్పుడు పీఆర్వోకి చెప్పకుండా, మామూలు పనిరోజున, భోజనాల తర్వాత వెళ్లండి. మధ్యాహ్నం క్లాసులు నడుస్తున్నాయో, పిల్లలు గేటు బయట టీ కొట్టు దగ్గర ఉన్నారో అదే తెలుస్తుంది. తమ్ముణ్ణి తీసుకెళ్లు, మాట్లాడించకపోయినా పర్లేదు.

థర్డ్ ఇయర్ ఈఈఈ, చీపురుపల్లి:
ల్యాబ్ సార్ చెప్పింది నిజమే అక్కా, కానీ ఒకటి మర్చిపోయారు, దూరం. మా కాలేజీలో ఫస్టియర్‌లో బస్సు ఫ్రీ అన్నారు, సెకండియర్ నుంచి వసూలు మొదలైంది. నాలుగేళ్లకీ బస్సు ఫీజు ఎంతో ముందే రాయించుకోండి. కోటబొమ్మాళి నుంచి విజయనగరం వైపు రోజూ పలాస పాసింజరులో వస్తాడంటే రైలు లేటయినప్పుడల్లా ఫస్ట్ అవర్ పోతుంది. అటెండెన్స్ 75 శాతం ఉండాలి, 65 దాటి 75 లోపు ఉంటే మెడికల్ సర్టిఫికెట్టూ, తగ్గిన హాజరు మాఫీకి కట్టే కండోనేషన్ ఫీజూ. ఇంటికొచ్చేసరికి చీకటి పడితే ఇంకేం చదువుతాడు? రెండు కాలేజీలు ఇంచుమించు ఒకటే అయితే టెక్కలి, శ్రీకాకుళం వైపు దగ్గరది చూడండి.

నాకూ మొదట్లో ఇంగ్లీషులో నోరు వచ్చేది కాదు. మా సర్క్యూట్స్ సారు సాయంత్రం ఆపి తెలుగులో మళ్లీ చెప్పేవారు. అలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా అని సీనియర్లని అడిగితే పేరుతో సహా చెప్తారు. ఎవరి పేరూ చెప్పకపోతే లేరనే.

కోటబొమ్మాళి అక్క:
అందరికీ థాంక్స్. గురువారం నాన్న వస్తున్నారు, ముగ్గురం కలిసి రెండు కాలేజీలు చూసొస్తాం. ఒక్క టెన్షన్. ఆ బ్యాగు ఇచ్చినాయన వెబ్ ఆప్షన్లు (కౌన్సెలింగ్‌కి ఏ కాలేజీ ముందు కావాలో ఆన్‌లైన్‌లో పెట్టే వరుస) తనే పెడతానని, ఫోన్‌కి వచ్చే ఓటీపీ చెబితే చాలని అంటున్నాడు. తమ్ముడి హాల్ టికెట్ జెరాక్స్ అప్పటికే తీసుకెళ్లాడు.

పాత ల్యాబ్ మనిషి:
ఓటీపీ చెప్పావో, మొదటి ఆప్షన్ వాళ్ల కాలేజీయే పెడతాడు. సీటు అక్కడే వస్తుంది, మీరేమో మేమే పెట్టాం అనుకుంటారు. ప్రతి జూలైలోనూ ఇదే తంతు. రిజిస్ట్రేషన్‌లో నాన్న నంబరు గానీ నీ నంబరు గానీ ఇవ్వు, పాస్‌వర్డ్ నువ్వే పెట్టుకో. ఆప్షన్లు మార్చుకోవడానికి చివర్లో ఒక రోజు ఇస్తారు, ఆ రోజు ఒకసారి లాగిన్ అయి వరుస సరిచూసుకుని ప్రింటు తీసుకో. అతను మళ్లీ వస్తే బ్యాగు తిరిగి ఇచ్చెయ్యక్కర్లేదు, అది ఉంచుకో.