ఓపీ కారిడార్‌లో బొమ్మలా, కాలేజీ హాల్లోనా?

సున్నంగోడ:
మెడికల్ కాలేజీ ఆవరణలో ఊరందరి బొమ్మలతో రెండు వారాల ప్రదర్శన పెట్టాలనుకోండి. శ్రీకాళహస్తి కలంకారీ, చేర్యాల పటాలు, తోలుబొమ్మలు, వాటితో పాటు నర్సింగ్ విద్యార్థులూ చుట్టుపక్కల బడి పిల్లలూ వేసినవి. కాలేజీ హాల్లో పెడితే భద్రం, కానీ చూసేది తెల్లకోట్లవాళ్ళే. ఓపీ కారిడార్‌లో పెడితే ఊరంతా చూస్తుంది. నా ఓటు కారిడార్‌కే. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

కరక్కాయ:
నేను కాదంటాను. కారణం వెలుతురు. కలంకారీ బట్టని కరక్కాయ, గేదెపాలలో నానబెడతారు. నలుపుకి బెల్లం నీళ్ళలో ఊరిన ఇనుము, ఎరుపు పట్టడానికి పటిక. మిగతావి చాలావరకు చెట్ల రంగులే. ఇలాంటి బట్టలకు మ్యూజియంలు పాటించే హద్దు 50 లక్సులు (లక్స్ అంటే వెలుతురు కొలమానం). రోజుకి 8 గంటల చొప్పున 14 రోజులకి 5,600 లక్స్ గంటలు. ఒకవైపు కిటికీలున్న కారిడార్‌లో పగలు 1,000 లక్సులు మామూలే. 12 గంటల చొప్పున లెక్కేస్తే 1,68,000. ముప్పై రెట్లు! ముందు పోయేది పసుపు. పసుపు మీద నీలి వేసి తెచ్చిన ఆకుపచ్చ కాస్తా నీలంగా మిగులుతుంది. పోయిన రంగు మళ్ళీ రాదు.

వార్డురౌండ్:
లెక్క ఒప్పుకుంటాను కరక్కాయ గారూ. కానీ ప్రదర్శన ఎవరికోసం? ఓపీ చీటీ పట్టుకుని గంటలకొద్దీ కూర్చునేది రోగీ, తోడొచ్చిన మనిషీ. కాలేజీ వైపు వెళ్తే ఎవరైనా ఆపుతారేమోనని వాళ్ళు అటు అడుగే వేయరు. కంటి ముందున్నదానికి విలువ ఉందనడానికి పరిశోధకుడు రోజర్ అల్‌రిచ్ 1984లో 'సైన్స్' పత్రికలో రాసింది చాలు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిలో కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇటుక గోడ కనిపించిన 23 మంది 8.70 రోజులు ఉన్నారు.

చింతగింజ:
అల్‌రిచ్ చూసింది కిటికీని, బొమ్మని కాదు. పైగా వార్డులో, ఓపీలో కాదు. ఆ అంకెలతో కారిడార్‌ను గెలిపించకండి. గంటలకొద్దీ ఖాళీ గోడ చూస్తూ కూర్చున్న మనుషులు ఉన్నారు, కారణం అదొక్కటే చాలు.

అయితే వెలుతురు ఒక్కటే ముప్పు కాదు. కారిడార్ గోడని ఒకసారి దగ్గరగా చూడండి. అడుగున జానెడు ఎత్తు దాకా నేల తుడిచే మాపు రాసుకున్న బూడిదరంగు పట్టీ, దాని మీద చిందిన చుక్కలు. నడుమెత్తున స్ట్రెచర్ మూలలు గీరిన గీతలు. ఆ చుక్కల్లో హైపోక్లోరైట్ (బ్లీచింగ్ మందు) ఉంటుంది, రంగుబట్ట మీద పడితే తెల్లమచ్చే. చేర్యాల పటమంటే ఖాదీ బట్ట మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి వేసిన పూత. తడి తగిలితే పూత ఉబ్బి పెచ్చులూడుతుంది. మడతపెడితే చిట్లుతుంది. అంబలి కోసం బొద్దింకలు చేరి కొరుకుతాయి. తోలుబొమ్మ సంగతి వేరు. తేమ పెరిగి తగ్గే చోట అది వంకరపోతుంది. దాన్ని మాత్రం హాల్లో, వెనక వేడెక్కని ఎల్‌ఈడీ పెట్టి చూపించడమే మంచిది.

సున్నంగోడ:
అయితే కారిడార్‌లో అచ్చు ప్రతులు, హాల్లో అసలువీ పెడదామా?

వార్డురౌండ్:
ఒప్పుకోను. పేదవాళ్ళకి నకలు, డాక్టర్లకి అసలూనా? పిల్లలూ విద్యార్థులూ వేసిన పోస్టర్ రంగు, ఆక్రిలిక్ బొమ్మలకి రెండు వారాల్లో పెద్దగా ఏమీ కాదు. ముందు అవి అసలువే కారిడార్‌లో పెట్టండి.

కరక్కాయ:
ప్రతులు వేయాలంటే వేసినవారి రాతపూర్వక అనుమతి, దానికి విడిగా డబ్బు, కింద పేరూ ఊరూ ఉండాలి. ఈ మూడింట్లో ఒకటి లేకపోయినా అచ్చు వేయొద్దు. ధర చీటీలు కూడా హాల్లోనే. వైద్యం కోసం వచ్చిన మనిషికి బేరం చూపించకూడదు.

చింతగింజ:
కిటికీ లేని లోపలి గోడ ఎంచుకుంటే సగం తగాదా తీరుతుంది. రిజిస్ట్రేషన్ కౌంటర్ ఎదురుగా వద్దు, క్యూ ఆనుకుంటుంది. మందుల కౌంటర్ దగ్గర బెంచీలున్న గోడ మేలు. ఫ్రేము గోడ నుంచి 4 సెంటీమీటర్లకి మించి ముందుకు రాకూడదు. కింది అంచు నేల నుంచి 120 సెంటీమీటర్ల పైన ఉండాలి. రెండు స్ట్రెచర్లు ఎదురెదురుగా దాటేంత దారి వదలాలి. గాజు వద్దు, పగిలితే ప్రమాదం. 3 మిల్లీమీటర్ల ఆక్రిలిక్ షీటు వేసి, అది బట్టని తాకకుండా అంచుల్లో సన్నని చెక్క బద్దలు పెట్టండి. డిస్టెంపర్ గోడకి డబుల్ టేప్ అంటిస్తే పొరతో సహా ఊడి కింద పడుతుంది. రావల్ ప్లగ్గు, రెండు స్క్రూలు, ఫ్రేము వెనక రెండు కొక్కేలు తప్పనిసరి. ఒకే కొక్కెం పెడితే భుజం తగిలిన ప్రతిసారీ పక్కకి ఒరుగుతుంది. చీటీలు తెలుగులో, రెండు మీటర్ల దూరం నుంచి చదివేంత పెద్ద అక్షరాల్లో రాయండి.

ఆ గోడ మీద ఒకసారికి ఒక కలంకారీ ఉంచాలనుకుంటే నాలుగైదు తెప్పించి మూడు రోజులకొకటి మార్చండి, వెలుతురు భారమంతా ఒక్క బట్ట మీదే పడదు.

కరక్కాయ:
మార్చడం బాగుంది, కానీ కొలత లేకుండా ఒప్పుకోను. ఆ గోడ మీద లక్స్ మీటరు పెట్టి ఉదయం 9, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలకి కొలవండి. ట్యూబులైట్లు వెలిగించి ఒకసారి, ఆర్పి ఒకసారి. 100 దాటితే కలంకారీ హాల్లోనే ఉండాలి. చేర్యాల పటం ఆక్రిలిక్ వెనక ఉంటే కారిడార్‌లో నాకు అభ్యంతరం లేదు. అంకెలు ఇక్కడ పెట్టండి సున్నంగోడ గారూ.